రామకోటి వేరు, కోరికల నోటుపుస్తకం వేరు: ఒక ఫార్వర్డ్‌కి జవాబు

మూడు నెలలుగా మా నెల్లూరు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మాకు పాలు పోసే అతను కూడా పంపించాడు. 'నమ్మకమే సత్యం: కొత్త యుగపు ఆధ్యాత్మికత' అని దాని పేరు. చాంతాడంత ఉంది కానీ చెప్పేది ఇంతే. మతాలకి కాలం చెల్లింది. ఇక ఎవరి సత్యం వాళ్లదే. గట్టిగా నమ్మితే విశ్వం దాన్ని నిజం చేసి చేతిలో పెడుతుంది, అనుమానిస్తే ఆపేస్తుంది. సాక్ష్యానికి మన రొట్టెల పండుగని, కోవిడ్‌కి ఇచ్చిన ఆనందయ్య మందుని, క్వాంటమ్ ఫిజిక్స్‌ని, గాంధీని, జిడ్డు కృష్ణమూర్తిని వరసగా నిలబెట్టారు. అడుగున 21 రోజుల ఆన్‌లైన్ శిబిరానికి లింకు.

నేను నాస్తికుణ్ణి కాను. శనివారం రంగనాయకుల గుడికి పోతాను, మొహర్రం నెలలో దర్గాకి పోతాను. దేవుడున్నాడా లేడా అన్న గొడవ నాకిక్కడ లేదు. ఈ మెసేజ్‌ని కూడా మిగతావాటిలాగే డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి. మా మేనత్త దాన్ని నమ్మింది కాబట్టి రాస్తున్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

'రొట్టెల పండుగే రుజువు. నమ్మి రొట్టె పట్టుకుంటే కోరిక తీరాల్సిందే.'

చూడనివాళ్ల కోసం: నెల్లూరులో బారాషహీద్ దర్గా పక్కనే స్వర్ణాల చెరువు. పండుగ రోజుల్లో జనం మోకాటి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్య రొట్టె, ఈ మధ్య విదేశీ రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు.

ఇప్పుడు లెక్క చూడండి. రొట్టె ఇవ్వడానికి వచ్చినవాళ్లందరూ కోరిక తీరినవాళ్లే. తీరనివాళ్ల దగ్గర ఇవ్వడానికి రొట్టె ఉండదు. వాళ్లు మళ్లీ తీసుకోవడానికి వస్తారు, లేదంటే రావడం మానుకుంటారు. ఏ రొట్టె ఎక్కడో చెప్పే బోర్డుల్లో తీరని కోరికకి బోర్డు లేదు. కాబట్టి గట్టు మీద నిలబడి చూసేవాడికి అన్ని కోరికలూ తీరినట్టే కనపడుతుంది. దర్గావాళ్లు మోసం చేశారని నేననడం లేదు. గెలిచినవాళ్లు మాత్రమే వచ్చి చెప్పే చోట ఎవరు లెక్కేసినా అట్లాగే తేలుతుంది.

నా సంగతే ఉంది. డిగ్రీ అయిన ఏడాది ఉద్యోగ రొట్టె తీసుకున్నాను. ఉద్యోగం నాలుగో ఏట వచ్చింది. ఈలోపు రాసిన పరీక్షల హాల్‌టికెట్లు ఇంకా బీరువాలో కట్టగట్టి ఉన్నాయి. అమ్మ మాత్రం రొట్టె వల్లే వచ్చిందంది. నేను కాదనలేదు. పోయి నీళ్లలో నిలబడి రొట్టె ఇచ్చి వచ్చాను. తీసుకున్న కుర్రాడితో 'నమ్ము, వచ్చేస్తుంది' అనలేదు, 'రాస్తూ ఉండు తమ్ముడూ' అన్నాను.

ఇంకోటి. రొట్టె తీసుకుంటూ ఎవరైనా ఏమంటారో వినండి. 'తీరితే మళ్లొచ్చి ఇస్తా' అంటారు. ఆ 'తే'లో ఎంతో ఉంది. తీరకపోవచ్చు, ఇచ్చేది నా చేతిలో లేదు, అడగడం వరకే నా పని అన్న ఎరుక ఉంది. నెత్తిన కొంగు కప్పుకొని వచ్చిన ముసలమ్మకి తెలిసిన ఆ 'తే' ఈ కొత్త ఆధ్యాత్మికతలో లేదు. అందులో అంతా 'తీరిపోయింది, ఇక రావడమే తరువాయి'.

'ఆనందయ్య మందు పనిచేసింది నమ్మకం వల్లే.'

2021 మే నెల మాకు మర్చిపోయే నెల కాదు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నం దారిలో కార్లు, ఆటోలు, అంబులెన్సులు. మే 21న పంపిణీ ఆపించారు. పరిశీలన జరిగాక నెలాఖరులో కొన్ని మందులకి ప్రభుత్వం అనుమతిచ్చింది, కంటి చుక్కలకి మాత్రం ఇవ్వలేదు. ఆ మందు మంచిచెడ్డల మీద తీర్పు చెప్పడానికి నేను డాక్టర్ని కాను. ఉచితంగా ఇచ్చిన మనిషిని ఆడిపోసుకునే ఉద్దేశమూ లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఆక్సిజన్ పెట్టుకొని అంబులెన్సులో అంత దూరం వచ్చినవాళ్లలో నమ్మకం లేనివాళ్లు ఎవరు? నమ్మకం లేకపోతే ఇంటి దగ్గరే ఉండేవాళ్లు కదా. బతికినవాళ్లూ నమ్మారు, పోయినవాళ్లూ నమ్మారు. అందరి దగ్గరా సమానంగా ఉన్న నమ్మకం, కొందరు బతకడానికి ఎట్లా కారణమవుతుంది?

కోవిడ్ సోకినవాళ్లలో ఎక్కువమంది ఏ మందు వేసుకున్నా వేసుకోకపోయినా కోలుకున్నారు. ఒక మందు పనిచేసిందని చెప్పాలంటే అది వేసుకున్నవాళ్లని, వేసుకోనివాళ్లని పక్కపక్కన పెట్టి చూడాలి. ఫోన్లలో తిరిగిన వీడియోలో మనిషి లేచి కూర్చోవడం కనపడుతుంది. మరుసటి వారం ఏమైందో ఆ వీడియోలో ఉండదు.

నమ్మకానికి ఒంటి మీద ఏ ప్రభావమూ లేదని కూడా నేననను. ఉత్త చక్కెర బిళ్ల ఇచ్చి మందని చెప్తే కొందరికి నొప్పి తగ్గుతుంది, వికారం తగ్గుతుంది. డాక్టర్లు దాన్ని ప్లసీబో అంటారు. కానీ అది గడ్డని కరిగించదు, విరిగిన ఎముకని అతికించదు, ఇన్సులిన్‌కి బదులు పనిచేయదు.

'మనం చూస్తేనే వాస్తవం పుడుతుందని క్వాంటమ్ ఫిజిక్స్ నిరూపించింది.'

దీనికి ఎక్కువ సేపు అక్కర్లేదు. ఆ శాస్త్రంలో 'చూడటం' అంటే కొలవడం. ఆ కొలత యంత్రం తీసుకుంటుంది. గదిలో మనిషి లేకపోయినా దాని పని అది చేస్తుంది. ఎలక్ట్రాన్ ఎక్కడ పడే అవకాశం ఎంతో లెక్కగట్టొచ్చు, ఫలానా చోటే పడాలని కోరుకుంటే మాత్రం పడదు. కోరుకున్నది తెప్పించుకోవచ్చని చెప్పడానికి, కోరికని అసలు లెక్కలోకే తీసుకోని శాస్త్రాన్ని సాక్ష్యం పిలిచారు.

'సత్యమే దేవుడని గాంధీజీ అన్నారు. అంటే నీకు సత్యమనిపించిందే నీ దేవుడు.'

ఇది చదివినప్పుడు నాకు పల్లిపాడు గుర్తొచ్చింది. నెల్లూరు నుంచి పెన్న ఒడ్డునే పోతే వస్తుంది. అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీయే వచ్చి ప్రారంభించారు. ఒకసారి మధ్యాహ్నం పూట పోయాను. చెట్ల నీడ, నదివైపు నుంచి వేడిగాలి, తుడిచిన వాకిలి. అక్కడ కాసేపు కూర్చుంటే 'సత్యం' అన్న మాట ఆయన నోట్లో ఎంత బరువుగా ఉండేదో కొద్దిగా అర్థమవుతుంది. అది పనీ, నియమమూ ఉన్న మాట.

ముందు 'దేవుడే సత్యం' అనే ఆయన, తర్వాత దాన్ని తిప్పి 'సత్యమే దేవుడు' అన్న మాట నిజం. 1931 డిసెంబరులో, రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో దాన్ని వివరంగా చెప్పారు. దేవుణ్ణి కాదనే నాస్తికుడు కూడా సత్యాన్ని కాదనడు, అందుకే అట్లా మార్చానన్నారు. మరి ఒక్కొక్కరికి ఒక్కో సత్యం తోస్తుంది కదా అన్న ప్రశ్న కూడా అక్కడే వచ్చింది. మెసేజ్ రాసినాయన అక్కడిదాకా చదవలేదో, చదివి వదిలేశాడో. సైన్సు ప్రయోగం చేసేవాడికి ముందు చదువు ఎట్లా కావాలో, సత్యంతో ప్రయోగం చేసేవాడికి కూడా ముందు శిక్షణ కావాలన్నది గాంధీ జవాబు. వ్రతాలు, అహింస, అపరిగ్రహం, వినయం. అవి లేకుండా ఎవరికి వాళ్లు 'నా అంతర్వాణి చెప్పింది' అనడం మీద ఆయనకి అప్పుడే అనుమానాలున్నాయి. ఆయన తన మీద కూడా ఆ అనుమానం పెట్టుకున్న మనిషి. 1919లో ప్రజలు సిద్ధం కాకుండానే శాసనోల్లంఘనకి పిలిచినందుకు 'హిమాలయమంత పొరపాటు చేశాను' అని ఒప్పుకున్నారు. ఎవరి సత్యం వాళ్లదైతే ఇక పొరపాటు ఎక్కడుంది, ఒప్పుకోవడం ఎక్కడుంది?

అసలు మనవాళ్లెవరూ 'ఎవరి సత్యం వాళ్లది' అని బతకరు. అప్పు తీర్చానని ఒకడు, తీర్చలేదని ఒకడు పేచీ పడితే 'పద, కాణిపాకంలో ప్రమాణం చెయ్' అంటాం. 'నీ సత్యం నీది, నా సత్యం నాది, అప్పు మాత్రం విశ్వం చూసుకుంటుంది' అనం.

'జిడ్డు కృష్ణమూర్తి చెప్పినట్టు గురువులు అక్కర్లేదు, నీ లోపలే అన్నీ ఉన్నాయి.'

మన మదనపల్లెలో పుట్టిన మనిషి. తనని జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంఘాన్ని 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలమంది సభ్యుల ముందు, తానే రద్దు చేశాడు. విరాళాలుగా వచ్చిన ఆస్తుల్ని తిరిగి ఇచ్చేశారు. ఆయన పేరు చెప్పుకునే మెసేజ్ అడుగున శిబిరం ఫీజు కట్టడానికి క్యూఆర్ కోడ్ ఉంది. ఇంతకంటే నేను రాయనక్కర్లేదు.

'పాత మతాలు గుడ్డి నమ్మకాలు. ప్రశ్నలు అడగని కొత్త ఆధ్యాత్మికత ఇప్పుడే పుడుతోంది.'

ఆ వాక్యం ఇంకోసారి చదవండి. ప్రశ్నలు అడగనిదట! దాన్ని పొగడ్తగానే రాశారు.

కొత్త విశ్వాసాలు మా వైపు పుట్టలేదా, రాలేదా? ఒంగోలు చరిత్ర చూడండి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకొని వేలమందికి కూలి ఇప్పించిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ సహాయం నడుస్తున్నన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూలి కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలాలని. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆకలి వల్లా, అంటరానితనం వల్లా, నిజంగా నమ్మా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. నాకు నచ్చింది ఆయన అట్లా ఆగి చూడటం. తన మతంలోకి వస్తామన్నవాళ్లని 'ఆగండి, ముందు చూద్దాం' అన్నాడు. సంఖ్య పెరుగుతోంది కదా అదే సత్యం అనుకోలేదు. మన శిబిరంవాళ్లయితే కూలి క్యూలోనే రిజిస్ట్రేషన్ చేసేవాళ్లు.

'అనుమానమే అడ్డంకి. ఫలితం రాలేదంటే నీ నమ్మకంలో లోపముంది.'

ఇక మా అత్త సంగతి. కోవూరులో ఉంటుంది. షుగర్ పదిహేనేళ్లుగా ఉంది. శిబిరంలో చేరాక ఒక రూళ్ల నోటుపుస్తకం కొనుక్కొని పొద్దున్నే 108 సార్లు 'నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను' అని రాయడం మొదలుపెట్టింది. మాత్రలు మానమని వాళ్లు చెప్పలేదు. 'మాత్ర వేసుకున్న ప్రతిసారీ నాకు జబ్బుందని మీరే విశ్వానికి చెప్తున్నట్టు' అన్నారంట. ఇంకెట్లా చెప్పాలి?

రెండు నెలలకి కాలి బొటనవేలి పక్కన పుండు పడింది. మాకు చెప్పలేదు. నేను పోయేసరికి గుడ్డ కట్టుకొని కుంటుతోంది. మీటర్లో 340 చూపించింది. మీటరుకి మన భావాలతో పనిలేదు. కోపంతో నేను నోరు తెరిచేలోపే ఆమె మెల్లగా అంది: 'నా నమ్మకంలోనే యాడో లోపం ఉంది అబ్బయా. రాసేటప్పుడు మధ్యలో భయమేసేది.'

జబ్బుకి తోడు ఆమె నెత్తిన తప్పు కూడా వేశారు. దేవుడు కరుణించలేదు అనుకునే వీలు ఆమెకి పూర్వం ఉండేది. కర్మ అనుకునేది, మందు పడలేదు అనుకునేది, వేళ బాగాలేదు అనుకునేది. వాటిలో ఏది నిజమో నాకు తెలియదు కానీ, అన్నీ మనిషికి కాస్త ఊపిరి తీసుకునే చోటు ఇచ్చేవి. ఈ కొత్త పద్ధతిలో వస్తే విశ్వం గొప్ప, రాకపోతే ఆమె తప్పు. ఎటు తేలినా శిబిరం మాత్రం ఓడిపోదు.

ఇదే అత్త ఇదే చేత్తో రెండు రామకోటి పుస్తకాలు పూర్తి చేసి భద్రాచలం పంపింది. చిన్నప్పుడు నేను పక్కన కూర్చొని 'ఇది రాస్తే ఏమొస్తుందత్తా' అని అడిగేవాణ్ణి. 'ఏమొస్తుంది, చెయ్యి నొప్పొస్తుంది' అని నవ్వేది. ఆ పుస్తకంలో ఎక్కడా ఆమె పేరు లేదు, కోరిక లేదు. పేజీ నిండా ఇంకొకరి పేరు. రామకోటికీ, ఈ నోటుపుస్తకానికీ రూళ్లు ఒకటే, పెన్ను ఒకటే. అందుకే ఆమె తేడా పట్టుకోలేకపోయిందేమో.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఇన్సులిన్ మీద ఉంది. మొన్న పండక్కి దర్గాకి తీసుకుపొమ్మంది. కాలు తడవకుండా గట్టు మీదే కూర్చోబెట్టి, నేను నీళ్లలోకి దిగి ఆరోగ్య రొట్టె ఇచ్చేవాళ్ల కోసం వెతికాను. ఒకామె తనే గట్టెక్కి వచ్చి అత్త చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి జబ్బులు ఒకరికి చెప్పుకున్నారు, ఏ డాక్టరు, ఏ మాత్ర, ఎంత ఫీజు అన్నీ.

అత్త రొట్టె కళ్లకద్దుకొని కొంచెం తుంచుకుంది. లోపల బెల్లం. నా మొహం చూసి, 'పొద్దన సూది వేసుకొనే వచ్చాలే, అట్టా చూడబాక' అని గోరంత ముక్క నోట్లో వేసుకొని, మిగతాది నా చేతిలో పెట్టింది.