పేలని తూటాకు ఉలికిపాటు

రివాల్వర్ కొనదలచినవాడికి .38 స్పెషల్ తూటాలది తీసుకోవాలా, అంతకంటే బలమైన .357 మాగ్నమ్ తూటాలది తీసుకోవాలా అన్న ధర్మసందేహం కలగడం సహజమే. దాన్ని నలుగురి ముందూ బయటపెట్టడమే ప్రమాదం, ఎందుకంటే నలుగురూ కలిసి అయిదు సలహాలు ఇస్తారు. ఆ పోరు పడలేక, రెండూ కాల్చి చూసి నేనే తేల్చుకుందామని నిన్న ఫైరింగ్ రేంజ్‌కు వెళ్లాను.

అక్కడ అద్దెకిచ్చే మాగ్నమ్ రివాల్వర్ చేతిలోకి రాగానే నాకు ఉపన్యాసం పూనింది. పేరుకు .38 అయినా స్పెషల్ గుండు వ్యాసం కూడా 0.357 అంగుళమేననీ, కాబట్టి 1898 నాటి స్పెషల్‌కూ 1935లో వచ్చిన మాగ్నమ్‌కూ తేడా అంతా గుండు వెనక మందు ఉండే ఇత్తడి గొట్టంలోనూ, లోపలి ఒత్తిడిలోనూ ఉందనీ, చదరపు అంగుళానికి మొదటిదానికి 17,000 పౌండ్లు హద్దు అయితే రెండోదానికి 35,000 అనీ, పాత .38 రివాల్వర్లలో దూరకూడదనే మాగ్నమ్ గొట్టాన్ని దాదాపు 3.4 మిల్లీమీటర్లు పొడవు చేశారనీ అడగనివారికి కూడా వివరించాను. మాగ్నమ్ రివాల్వర్ రెండింటినీ కాలుస్తుంది. అటువంటప్పుడు చేవ ఉన్నవాడు చిన్నదానితో ఎందుకు సరిపెట్టుకోవాలని ముగించాను. కోచ్ గారు అంతా విని, “అలాగే కానివ్వండి,” అన్నారు. ఆ మాటలోని మెత్తదనాన్ని నేను అప్పుడే అనుమానించి ఉండవలసింది.

మాగ్నమ్ గుళ్లన్నీ కాగితానికి ఎడమవైపు కింది మూలలో గుమిగూడాయి. గురిముల్లు వంకరగా ఉందని నేను ఫిర్యాదు చేయగా, ఆయన రివాల్వర్ తీసుకుని, అటు తిరిగి, స్వయంగా నింపి ఇచ్చారు. నాకు అందులో మర్యాద కనిపించింది గానీ కుట్ర కనిపించలేదు. లోపల అసలు తూటాల మధ్య వాడేసిన ఖాళీ గొట్టాలను కూడా కలిపారని ఎవరికి తోస్తుంది?

మొదటిది పేలింది. తరువాత ట్రిగర్ నొక్కితే “టక్” మంది.

మంట లేదు, మోత లేదు, పొగ లేదు, వెనక్కి తన్నడం లేదు. ఆ నిశ్శబ్దంలో ఉన్నదల్లా నేనే. నా కళ్లు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, పళ్లు బిగిసి ఉన్నాయి, తుపాకీ మూతి మాత్రం దండం పెట్టే కోడలిలా వినయంగా నేలవైపు వంగి ఉంది. నిజంగా పేలిన తూటా మూతిని పైకి లేపుతుంది. కిందికి దించేది కాల్చేవాడి భయమొక్కటే. ఇంతసేపూ ఆ భయాన్ని మాగ్నమ్ తన గర్జనతో కప్పిపెడుతూ వచ్చింది, దాని గొప్ప సుగుణం అదేనని నాకిప్పుడు తెలుస్తోంది. పక్క వరుసలవారు చెవులకు పెట్టుకున్న మఫ్‌లను పక్కకు జరిపి మరీ కోచ్ గారి వ్యాఖ్యానం విన్నారు. ఆయన నా భుజాన్ని వేలితో తాకుతూ, “ఇదిగో, పేలుతుందని ముందే ఊహించి ఇక్కడ బిగిస్తున్నారు,” అని అందరికీ చూపించారు. రెప్పలు మూయడం మానవమాత్రుడి చేతిలో లేని పని అని నేను మనవి చేసుకున్నాను. దీన్ని శిక్షణ అంటారట. నాకు మాత్రం వెన్నుపోటుకూ దీనికీ తేడా కనిపించలేదు. పైగా, మగవాడివైతే మాగ్నమే కొనమని మొన్న నన్ను ఎగదోసిన పెద్దమనిషి అక్కడే నిలబడి, “నేను మొదటి నుంచీ .38 అనే చెబుతున్నాను కదండీ,” అన్నారు.

ఆ తరువాత .38 స్పెషల్ కాల్చాను. గుళ్లు కాగితం మధ్యలోనే పడ్డాయి, గురిముల్లు దానంతటదే బాగుపడింది, నేనూ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

రివాల్వర్ తిరిగి ఇవ్వబోతే కోచ్ గారు నా చేతిలో ఒక ఇత్తడి బ్రష్ పెట్టారు. పొట్టి .38 గొట్టాలు సిలిండర్‌లో తూటా ఇమిడే పొడవైన మాగ్నమ్ గదుల్లో పేలినప్పుడు వాటి అంచు ముందర మసి వలయంలా పేరుకుంటుందనీ, తరువాత వేసే మాగ్నమ్ తూటాలు అక్కడ పట్టేస్తాయనీ, అందువల్ల .38 కాల్చినవారే సిలిండర్ గదులన్నీ తోమి వెళ్లాలన్నది ఇక్కడి నియమమనీ చెప్పారు. గోడమీద ఉన్న నియమాల పట్టికను నేను పైనుంచి కిందిదాకా చదివాను. అందులో అటువంటి నియమమేదీ లేదు.