పాదంలో సెన్సర్ లేకపోతే రోబో పరుగెత్తలేదా?

“రోబో పరుగెత్తాలంటే పాదాల్లో ఫోర్స్ సెన్సర్లు ఉండి తీరాలి. సెన్సర్ ఎంత ఖరీదైనదైతే పరుగు అంత వేగం. హోండా కంపెనీ మనిషి ఆకారపు రోబో అసిమోనే సాక్ష్యం. మోటారు కరెంటును బట్టి నేల బలాన్ని అంచనా వేయడం కాగితం మీద లెక్కే.” ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ తెగ తిరుగుతోంది. ప్రాజెక్టు కోసం లోడ్ సెల్స్ (లోపలి లోహం వంగే తీరును బట్టి బలాన్ని కొలిచే సెన్సర్లు) కొనే ముందు ఇది చదవండి.

మొదటిది, “ఉండి తీరాలి” అన్న మాట. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్క్ రైబర్ట్ ఒంటికాలి రోబోను గెంతించాడు. ఎంత ఎత్తు గెంతాలి, పాదం ఎక్కడ పెట్టాలి, ఒళ్ళు వాలిపోకుండా ఎలా నిలపాలి, ఈ మూడే దాని కంట్రోల్. పాదం నుంచి దానికి కావలసింది నేల తగిలిందా లేదా అన్న కబురు మాత్రమే, ఎన్ని న్యూటన్లు అన్నది కాదు. 2018లో ఎంఐటీ వాళ్ళ నాలుగు కాళ్ళ రోబో చీతా 3 కెమెరాల సాయం లేకుండా మెట్లెక్కింది. పాదంలో ఫోర్స్ సెన్సర్ లేదు. ఈపాటికి పాదం ఆనాలి అనే అడుగుల టైమింగ్, పాదం ఉన్న ఎత్తు, కీళ్ళ టార్క్ (మోటారు కరెంటును బట్టి తెలిసే తిప్పుడు బలం) నుంచి లెక్కగట్టిన నేల బలం, ఈ మూడింటినీ కలిపి నేల తగిలిందో లేదో తేల్చుకుంది.

కాబట్టి “కాగితం మీద లెక్కే” అన్నది కూడా తప్పని అక్కడే తేలిపోయింది. అయితే ఈ మాట పూర్తిగా గాల్లోంచి రాలేదు. చాలా రోబోల కీళ్ళలో 100:1 లాంటి పెద్ద గేరు ఉంటుంది, అంటే మోటారు వంద చుట్లు తిరిగితే కీలు ఒక్క చుట్టు తిరుగుతుంది. మోటారు జడత్వం గేరు నిష్పత్తి వర్గం చొప్పున కాలి మీద పడుతుంది, అంటే 10,000 రెట్లు. దానికి గేరు రాపిడి కూడా తోడవుతుంది. నేల కొట్టిన దెబ్బ మోటారు దాకా చేరేలోపే మాయమైపోతుంది. 2019 నాటి మినీ చీతాలో గేరు 6:1, అంటే 36 రెట్లే. అందుకే దాని మోటారు నేల మాట వినగలదు.

ఇక అసిమో. ఇది మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. అసిమోది బల్లపరుపు పాదం. ఒత్తిడి కేంద్రం (నేల బలమంతా ఒకచోటే పడుతున్నట్టు లెక్కగట్టే బిందువు) ఆ పాదం అంచు దాటకుండా చూసుకుంటూ నడవడానికి దానికి సెన్సర్ కావాలి. 2005లో దాని పరుగు గంటకు 6 కిలోమీటర్లు. ఎంఐటీ తొలి చీతా సెకనుకు 6 మీటర్లు, అంటే గంటకు దాదాపు 22 కిలోమీటర్లు పరుగెత్తింది.

ఖరీదుకీ వేగానికీ సంబంధం ఉంటే అది తలకిందులుగా ఉండే అవకాశమే ఎక్కువ. వానాకాలం నల్లరేగడి చేలో నడిచినవాళ్ళకు చెప్పులకు అంటిన మట్టి బరువెంతో తెలుసు. అదే మట్టి నడుముకు కట్టుకుంటే అంత తెలియదు. బరువైన లోహపు సెన్సర్‌ను కాలి చివర బిగిస్తే జరిగేది అదే. పైగా దెబ్బలు. 33 కిలోల తొలి చీతా ఒక్కో పాదం పరుగులో నాలుగో వంతు సేపే నేల మీద ఉందనుకోండి. అంతసేపూ ఒక్కో పాదం మోయాల్సిన సగటు బలం రోబో మొత్తం బరువంత, అంటే 320 న్యూటన్లకు పైనే. గరిష్ఠం 500 దాటుతుంది. అదీ సెకనుకు చాలాసార్లు.

మరి పాదంలో సెన్సర్లు దండగేనా? అలా అన్నా తప్పే. కాలు వేగంగా ఊగుతున్నప్పుడు ఆ ఊపుకే మోటారు బోలెడు టార్క్ ఖర్చు పెడుతుంది. నేల మెత్తగా తగిలిన తొలి క్షణం ఆ లెక్కలో కలిసిపోతుంది. పాదం జారబోతోందా అన్నదీ అంత తేలిగ్గా తెలియదు. అందుకే చీతా 3 కంటే ముందే, 2014లో, అదే ఎంఐటీ ల్యాబ్ పాదం కోసం ఒక సెన్సర్ చేసింది. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే. వాళ్ళు ఖరీదైన ఆరు అక్షాల లోడ్ సెల్ జోలికి పోలేదు. గాలి పీడనం కొలిచే చవక చిప్‌లను కొన్నింటిని వరసగా పెట్టి, వాటి మీద పాలీయురేథేన్ రబ్బరు పోశారు. రబ్బరు నలిగినప్పుడు ఒక్కో చిప్ ఒక్కో రీడింగ్ చూపిస్తుంది. ఆ రీడింగుల నుంచి కిందికి ఎంత బలం, పక్కకు ఎంత అన్నది ముందే కాలిబ్రేట్ చేసిన (తెలిసిన బలాలతో సరిచూసి పెట్టుకున్న) లెక్కతో రాబడతారు. దెబ్బ తినేది రబ్బరు, చిప్ దాని లోపల భద్రం. వంగి కొలిచే లోహపు కడ్డీ అంటూ ఏదీ లేదు.

చిక్కులు దీనికీ ఉన్నాయి. రబ్బరు నొక్కినంత వేగంగా తిరిగి లేవదు, వేడికి మెత్తబడుతుంది, పరుగుకు అరుగుతుంది. అరిగిన కొద్దీ పాత కాలిబ్రేషన్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.