నైట్ వ్యూలో రాత్రి ఏదీ?

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ అపార్ట్‌మెంట్ ఫ్లెక్సీ చూసినా అదే బొమ్మ. నీలిమందు కలిపినట్టు ఆకాశం, ప్రతి కిటికీలోనూ పసుపు వెలుగు, పట్టపగలు కూడా అంత విడివిడిగా కనపడని కొబ్బరాకులు. కింద ‘నైట్ వ్యూ’ అని రాస్తారు. అందులో రాత్రి ఎక్కడుందండీ?

ఇళ్లకు త్రీడీ ఎలివేషన్లు, అంటే కట్టకముందే ఇల్లెలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు, చేయడం నా పని. ఈ బాధ నాకు పట్టుకున్నది రాజోలు వైపు కాలవగట్టు మీద కట్టిన ఒక ఇంటి వల్ల. అప్పుడు నేనున్న ఆఫీసులో నైట్ వ్యూకి ఒకటే పద్ధతి. పగటి సీన్‌లో సూర్యుణ్ణి ఆపేసి, నీలం ఆకాశం తగిలించి, నీడలు పోగొట్టడానికి బొమ్మలో కనపడని ఫిల్ లైట్లు నాలుగు మూలలా పెట్టెయ్యడమే. నేనూ అదే చేశాను. గృహప్రవేశం అయిన వారానికి ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు. “బాబూ, బొమ్మలో అరుగు మీద కూచుని పేపరు చదూకోవచ్చన్నట్టుంది. ఇక్కడ చెప్పులు కూడా కనపడట్లేదు.” అరుగుకు వెలుగిచ్చిన దీపం నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. ఎలక్ట్రీషియన్ అక్కడ పాయింటే వదల్లేదు. రంగులేసిన గోడ మళ్లీ కొట్టించి పైపు వేయించుకున్నారు. ఆ ఖర్చు నా బొమ్మ పెట్టించిందే.

మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత) ఉంటుంది. నడినెత్తిన పున్నమి చంద్రుడున్నా నేల మీద పడేది పావు లక్స్‌కి అటూ ఇటూ. అంటే నాలుగు లక్షల రెట్లు తేడా! పైగా వెన్నెల నీలం కాదు. చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే అది, సుమారు 4100 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపూ ఎరుపూ వైపు), ఎండకన్నా కాస్త వెచ్చటి రంగు. నీలంగా తోచేది మన కంటికి. మసకలో రంగులు పట్టే కణాలు వెనక్కి తగ్గి, నీలం వైపు చురుకెక్కువున్న కడ్డీ కణాలు పని అందుకుంటాయి. 19వ శతాబ్దంలోనే చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించిన సంగతిది. పెరట్లో ఎర్ర మందారాన్ని వెన్నెల్లో చూడండి, నల్లగా ఉంటుంది. కాబట్టి బొమ్మకంతా నీలం పూయడం కాదు, రంగుల్ని చంపాలి. ఎరుపు ముందు చావాలి.

ఇప్పుడు నేను సీన్ మొత్తం నల్లగా చేసి మొదలెడతాను. తర్వాత ప్లాన్‌లో ఉన్న దీపాలే, ఒక్కోటిగా. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 లూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు). డబ్బా మీదే ఉంటుంది, అదే అంకె వి-రేలో (సీన్‌కి వెలుగు లెక్కగట్టి బొమ్మ తీసే సాఫ్ట్‌వేర్) కొడతాను. స్పాట్ లైటైతే దీపం ఏ వైపుకు ఎంత వెలుగిస్తుందో చెప్పే ఐఈఎస్ ఫైలు కంపెనీయే ఇస్తుంది, అది వాడతాను, గోడ మీద వెలుగు ఆకారం దాన్నుంచి వస్తుంది. చీకటిగా అనిపిస్తే బల్బు పెంచను, కెమెరా ఎక్స్‌పోజర్ (కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలనేది) సరిచేస్తాను. వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగు తెల్లగా కనపడాలనే సెట్టింగ్) 4000 దగ్గర ఉంచితే వీధి స్తంభం మీది 6500 కెల్విన్ తెలుపూ, దేవుడి గదిలో నూనె దీపం ఎరుపూ రెండూ బతుకుతాయి. రాత్రి తొమ్మిదింటికి ఏ ఇంట్లోనైనా హాలూ వంటిల్లూ తప్ప వెలిగే గదులెన్ని?

మన డెల్టాలో చీకటి పొడి చీకటి కాదు. గాల్లో తడి ఉంటుంది. పుష్యమాసం మంచులో ప్రతి దీపం చుట్టూ గుడి కడుతుంది. కొబ్బరిచెట్టు మొదలుకి వెలుగు తగులుతుంది, మొవ్వు చీకట్లో కలిసిపోతుంది. కాలవలో దీపం నీడ చుక్కలా ఉండదు, అలల మీద నిలువుగా సాగుతుంది. దూరంగా రొయ్యల చెరువుల దగ్గర దీపాల వరస. ఇవేవీ లేకుండా ఎక్కడో విల్లా తెచ్చి పెట్టి మన ఊరంటే ఎలా?

“చీకటిగా ఉంటే కస్టమర్ ఒప్పుకోరు” అంటారు తోటివాళ్లు. నేను రెండు బొమ్మలిస్తున్నాను. ఒకటి అసురసంధ్య వేళది. సూర్యుడు దిగాక ఓ 20 నిమిషాలు ఆకాశం వెలుగూ ఇంటి వెలుగూ సరితూగుతాయి, ఆ అందం నిజమైనదే. రెండోది తొమ్మిది గంటలది. చిన్న దీపాలకు బొమ్మలో నాయిస్ (చుక్కచుక్కల మచ్చలు) ఎక్కువొస్తుంది, రాత్రంతా రెండర్ పెట్టాలి, అంటే కంప్యూటర్ బొమ్మ తయారుచేసేదాకా వదిలెయ్యాలి. ఆ చుక్కలు తుడిచే డీనాయిజర్ మీద వదిలేస్తే పెంకుల గీతలు అలికేస్తుంది.

మొన్న పాలకొల్లు దగ్గర ఒకావిడ ఆ రెండో బొమ్మ చూసి, నూతి పక్క సందు మీద వేలు పెట్టారు. “ఇక్కడింత చీకటా? మా అత్తగారు తెల్లారుజామునే నీళ్లకెళ్తారు.” గోడలింకా ప్లాస్టరింగ్ కాలేదు. మర్నాడే అక్కడ పైపు వేయించారు.