ఎవరి బెత్తెడు?

(పెరట్లో పెద్ద చెట్టు. దాని కింద 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పున బోడి నేల. ఆవిడ పీట వేసుకుని, నీడలో గడ్డిలా పరుచుకునే మొక్క మోండో గ్రాస్ కుదుళ్ళు ముందేసుకుంది. ఆయన భుజాన పారతో వచ్చాడు.)

ఆవిడ: ఆ పార ఎందుకు?

ఆయన: గుంటలు తవ్వడానికి. చెంచాతో తవ్వమంటావా?

ఆవిడ: ఇంచుమించు అంతే. బొరిగ తెచ్చుకోండి. పార దింపితే బొటనవేలంత వేరు తెగి ఊరుకుంటుంది. అలాంటిది తగిలితే గుంటనే పక్కకి జరపాలి. వెంట్రుకల్లాంటివి తెగినా మళ్ళీ వస్తాయి.

ఆయన: నేను ఎర్రమట్టి పోసి ఎత్తు చేశానుగా! అందులో నాటితే వేళ్ళ గొడవే ఉండదు.

ఆవిడ: ఆ మట్టి నిన్న తీయించేశాను.

ఆయన: ఇరవై తట్టలు! నడుం పట్టేసి మూడ్రోజులు మంచం దిగలేదు!

ఆవిడ: మీరు లేచారు, చెట్టు లేచేది కాదు. అది నీళ్ళు తాగే వేళ్ళు చాలావరకు పై అడుగులోనే ఉంటాయి. వాటికి గాలాడాలి. మీరు మట్టి పోసి ముక్కు మూసేశారు. పైగా మొదలు చుట్టూ గుట్ట. చెమ్మకి బెరడు కుళ్ళిపోదూ? రెండంగుళాల ఆకు ఎరువు చాలు, అదీ మొదలుకి జానెడు ఎడంగా.

ఆయన: ఇంత తతంగం లేకుండా లాన్ గడ్డి పరిస్తే పోయేది.

ఆవిడ: మూడుసార్లు పరిచారు, మూడుసార్లూ పోయింది.

ఆయన: మూడోసారి నెల పైనే పచ్చగా ఉంది.

ఆవిడ: అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న బలం. పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి వచ్చి చూశాను. ఇక్కడ ఎండ చుక్కలు చుక్కలుగానే పడుతోంది, గడ్డికి రోజూ నాలుగైదు గంటల ఎండైనా తగలాలి. చిన్న జల్లు పడితే చెట్టే గొడుగు పడుతుంది, కిందికి దిగిన కాస్తా దాని వేళ్ళే తాగేస్తాయి. నీడనీ, దాహాన్నీ రెంటినీ ఓర్చుకునే మొక్క కావాలి.

ఆయన: మనీ ప్లాంట్ వేయొచ్చుగా? ఆకు మీద పసుపు మరకలు ఎంత బాగుంటాయి!

ఆవిడ: ఇంత నీడలో కొత్తాకులకి ఆ మరకలు తగ్గిపోతాయి. నేల మీద పాకినంతసేపే అది బుద్ధిగా ఉంటుంది. మాను దొరికిందా, ఎక్కేసి ఆకుని చేటంత చేస్తుంది. ఏడాది పొడుగునా కత్తెర పట్టుకుని మీరు తిరుగుతారా?

ఆయన: మోండో గ్రాసే కానీ. ఏం చేయాలో చెప్పు.

ఆవిడ: 90 కుదుళ్ళున్నాయి. ఒక్కోదాన్ని నీళ్ళలో ముంచి మట్టి వదిలించి, మొదట్లో రెండు బొటనవేళ్ళూ పెట్టి మూడుగా విడదీయండి. రాకపోతే కత్తితో కోయండి. ప్రతి పిలకకీ నాలుగైదు ఆకులు, కింద సొంత వేళ్ళు ఉండాలి. మొత్తం 270 పిలకలు.

(పావుగంట తర్వాత.)

ఆవిడ: మీ పక్కన ఆ కుప్పేమిటి?

ఆయన: తుంగ గడ్డలు! ఒక్కటి మిగిలినా మళ్ళీ మొలుస్తుందన్నావుగా. ఈ వేళ్ళ నిండా ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా గిల్లేశాను.

ఆవిడ: అయ్యో రామా! తుంగ గడ్డ నల్లగా, గట్టిగా ఉంటుంది. తెల్లగా, మెత్తగా పూసల్లా ఉన్న ఇవి ఈ మొక్కవే. నీళ్ళూ బలమూ దాచుకునే సంచులు! ఎన్ని కుదుళ్ళకి చేశారు?

ఆయన: ఎనిమిది... పదకొండు.

ఆవిడ: సన్నవేళ్ళు మిగిలాయి కాబట్టి బతుకుతాయి. వాటిని వేరే పెట్టండి, ఆ పిలకలకి నీళ్ళ బాధ్యత మీదే. నాటడం చెబుతా, వినండి. మొక్కకీ మొక్కకీ 15 సెంటీమీటర్లు, అంటే రెండు బెత్తెలు. తెల్లటి మొదలు ఆకుపచ్చకి తిరిగే చోటు సరిగ్గా నేల మట్టానికి ఉండాలి.

ఆయన: ఇంకాస్త లోతుగా పెడితే గట్టిగా నిలబడుతుందిగా?

ఆవిడ: ఆ చోటు మట్టిలోకి పోతే కుళ్ళుతుంది. ఎత్తుగా పెడితే వేళ్ళు బయటపడి ఎండుతాయి. నాటాక చుట్టూ వేళ్ళతో నొక్కండి, కాలితో కాదు. మాను దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి రండి. ఆ సగం మీది, ఈ సగం నాది.

(గంట గడిచింది.)

ఆయన: చూశావా పొదుపు! నా సగానికి 93తోనే సరిపోయింది. నీకెన్ని?

ఆవిడ: 132. ఏదీ, చెయ్యి చూపించండి.

(ఆయన నాలుగు వేళ్ళు చాపాడు. ఆవిడ స్కేలు పెట్టింది.)

ఆవిడ: తొమ్మిది సెంటీమీటర్లు! మీ రెండు బెత్తెలంటే 18. చదరపు మీటరుకి 44 పట్టాల్సిన చోట 31తో సరిపెట్టారు.

ఆయన: వేళ్ళు లావైతే నా తప్పా? ఎలాగూ పాకి కలిసిపోతాయిగా.

ఆవిడ: నా వైపే కలవడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది. మీ వైపు ఇంకా ఆలస్యం. అందాకా ఆ సందుల్లో కలుపు మీరే పీకుతారు.

ఆయన: సరేలే. సాయంత్రం నీళ్ళు పెడతా.

ఆవిడ: ఇప్పుడు ఒకసారి తడపండి. రేపటి నుంచి మాత్రం పొద్దున్నే. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగా ఉండి నత్తలకి పండగ. మొదటి రెండు నెలలు వారానికి రెండుసార్లు. అదీ చూపుడువేలు రెండు కణుపులు దించి, పొడిగా తగిలితేనే. రాలిన ఆకులు మందంగా పేరుకుంటే చేత్తో ఏరేయండి. గట్టిగా ఊడ్చారంటే పిలకలు లేచొస్తాయి.

ఆయన: ఎరువు?

ఆవిడ: ఏడాదికోసారి, కొత్త చిగురు వచ్చే ముందు, గుప్పెడు వర్మీ కంపోస్టు పలచగా. ఎక్కువైతే కలుపే బలుస్తుంది.

(కాసేపు మౌనం.)

ఆయన: ఏమోయ్, ఒకసారి ఇటు చూడు.

ఆవిడ: ఏమైంది? ఆ మానుకి ఆనుకుని ఎందుకు నిలబడ్డారు?

ఆయన: నేను అంచున మొదలుపెట్టి లోపలికి వచ్చానే.

ఆవిడ: రెండడుగులకొకటి నడక బండలు వేయమన్నానుగా! ఈ మొక్క తొక్కుడు ఓర్చుకోదు.

ఆయన: చివర్లో వేద్దామనుకున్నా. ఇప్పుడు బయటికెలా రాను?

ఆవిడ: నా వైపు అడుగు పెట్టారో, చూసుకోండి! మీ బెత్తెల వైపు నుంచే రండి. అక్కడైతే కాలు పట్టేంత సందుంది.