సొంతింటి వయసు గారికి, అద్దెకున్నవాడు వ్రాయునది

మహారాజశ్రీ సొంతింటి వయసు గారి సముఖమునకు, విజయవాడ సత్యనారాయణపురంలో రెండో అంతస్తు వెనక పోర్షన్‌లో అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు... అసలు మీరెక్కడున్నారండీ?

నాకు 29 ఏళ్లప్పుడు మీరు 35 దగ్గర దొరుకుతారని చెప్పారు. 35కి వచ్చి చూస్తే 40కి వెళ్లారన్నారు. ఇప్పుడు నాకు 43. బెంజ్ సర్కిల్‌లో సిటీ బస్సు స్టాపు దాటాక ఆగి, మనం పరిగెత్తి చెయ్యి వేసేసరికి మళ్లీ కదులుతుంది చూడండి, మీదీ అదే పద్ధతి.

మా నాన్నగారి రోజుల్లో మీరిలా ఉండేవారు కాదు. ఆయన గవర్నమెంటు టీచరు. 58కి రిటైరై, వచ్చిన డబ్బులతో తెనాలిలో మూడు గదుల డాబా వేశారు. గృహప్రవేశం నాడు ముందు ఆవు నడిస్తే, వెనక మోకాళ్లు పట్టుకుని ఆయన నడిచారు. బ్యాంకుకి పైసా బాకీ లేదు. మీ అడ్రసు 58 అని అప్పట్లో అందరికీ తెలుసు. తర్వాత మన రాష్ట్రంలో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. అంటే సర్కారే మిమ్మల్ని నాలుగేళ్లు అవతలికి జరిపిందన్నమాట. నాది ప్రైవేటు ఉద్యోగం, ఆ జీవోలు నాకు వర్తించవు. నా విషయంలో మీరు స్వచ్ఛందంగానే జరుగుతున్నారు.

ఒకసారి మాత్రం మీ చొక్కా అంచు నా చేతికి తగిలింది. 2014 ఆగస్టు చివర్లో పెనమలూరు వైపు ఓ ఫ్లాటు చూశాను. ధర కుదిరింది. ‘భాద్రపదం, శూన్యమాసం, దసరాకి అడ్వాన్సు ఇద్దువుగానిలే’ అంది అమ్మ. సెప్టెంబరు 4న అసెంబ్లీలో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ప్రకటించారు. దసరాకి వెళితే, మేం అనుకున్న ధరకి బాల్కనీ వరకు ఇవ్వగలమన్నట్టు మాట్లాడారు.

2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. ధరలు చల్లబడ్డాయి. ‘ఇదే అదను, కొనేద్దాం’ అంది మా ఆవిడ. ‘ఆగు, ఇంకా పడుతుంది’ అన్నాను. ఇది మాత్రం మీ తప్పు కాదు, ఒప్పుకుంటున్నాను. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చిన వారానికే బ్రోకర్ ఫోన్ చేశాడు. ‘సార్, ఇంకా చూస్తూనే ఉన్నారా?’ ఆ ‘ఇంకా’ దగ్గర కాస్త సాగదీశాడు.

పోయిన నెల పోరంకిలో ఓ సైటుకి వెళ్లాం. నాలుగు పిల్లర్ల మధ్య, నీళ్లు నిలిచిన చోట మమ్మల్ని నిలబెట్టి, మార్కెటింగ్ కుర్రాడు ‘ఇది మీ పూజగది మేడమ్’ అన్నాడు. మా ఆవిడ చెప్పులు విడిచేసింది.

మొత్తం 60 లక్షలు. అందులో కాగితం మీద 50, చేతికి 10. ఆ పదికి రసీదూ ఉండదు, లోనూ ఉండదు. మిగతా 50కి బ్యాంకు 80 శాతం, అంటే 40 ఇస్తుంది. ఇంకో పది మనది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, కట్టుబడి పూర్తి కాలేదు కనుక జీఎస్టీ ఐదు శాతం. ఇవీ మనవే. వెరసి జేబులోంచి 26 లక్షలు పైన. నా దగ్గర 11 ఉన్నాయి. ఉన్నాయంటే, అందులో నాలుగు మా బావగారి దగ్గరున్నాయి.

అయినా బ్యాంకుకి వెళ్లాను. 40 లక్షలకి ఎనిమిదిన్నర శాతం వడ్డీ చొప్పున 20 ఏళ్లయితే నెలకి 34,700. మొత్తం తిరిగి కట్టేది 83 లక్షలు. సరే అన్నాను. లోన్ సెక్షన్ ఆవిడ నా ఆధార్ కార్డు చూసి, ‘మీరు ప్రైవేటు కదండీ, మీకు 60 దాకానే లెక్క. 17 ఏళ్లే వస్తుంది, 37 వేలు పడుతుంది’ అంది. చూశారా, ఇన్నేళ్లూ మీ కోసం నేను పెద్దవాణ్ణి కావాలనుకున్నాను. తీరా అయ్యాక పెద్దవాణ్ణయ్యానంటున్నారు. ‘అబ్బాయిని కో-అప్లికెంట్‌గా పెడితే కాలం పెరుగుతుంది. ఏం చేస్తుంటాడు?’ అని జాలిగా అడిగింది.

ఏడో తరగతండీ.

మిమ్మల్ని అందుకున్నవాళ్ల మీద అసూయ లేదని అనను. మా ఆఫీసులో ఒకాయన 33కే సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ కొన్నాడు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు ఆయన హాల్లోకి వచ్చింది. ఫ్రిజ్ నీళ్లలో తేలుతుండగానే ఐదో తారీఖున ఈఎంఐ కట్ అయినట్టు మెసేజ్ వచ్చిందట. ఆ నెల రోజులు ‘ఇల్లెప్పుడు కొంటావు?’ అని నన్ను ఎవరూ అడగలేదు. మనశ్శాంతిగా గడిచింది, దేవుడు క్షమించాలి.

అన్నట్టు, మీరు అమెరికాలోనూ ఇదే వరస అట కదా. అక్కడ మొదటి ఇల్లు కొంటున్నవాళ్లలో సగం మంది 40, ఆ పైనేనని 2025లో వాళ్ల రియల్టర్ల సంఘం తేల్చింది. మా బంధువుల్లో వీసా రానివాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఒక్క విషయంలో నన్నూ అమెరికా స్థాయికి తెచ్చినందుకు కృతజ్ఞుణ్ణి.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, మా ఓనరు గారు ఈ బిల్డింగు డెవలప్‌మెంటుకి ఇచ్చేశారు. ఉగాదికి ఖాళీ చేయాలి. ‘ఇక్కడే అపార్టుమెంటు లేస్తుంది, కొనేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి’ అన్నారు. నన్ను అడగలేదు. పదేళ్ల పరిచయం, మొహమాటపడి ఉంటారు.

మా ఆవిడ అటక మీంచి ఇత్తడి గిన్నె దింపి చింతపండుతో తోముతోంది. సొంతింట్లో పాలు పొంగించుకోమని పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చిన గిన్నె అది. ఇప్పటికి ఐదు అద్దె ఇళ్లలో పొంగించింది. ఆరోది మధురానగర్‌లో, మూడో అంతస్తు. ఎప్పుడైనా అటు వస్తే మెట్ల దగ్గర బల్బు ఉండదు, సెల్ లైటు వేసుకుని రండి.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండు నెలల అడ్వాన్సు చెల్లించినవాడు