పెన్‌గంగ దారిలో గుంతలు: ఒక వాదోపవాదం

(ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర సరిహద్దున ఉన్న పెన్‌గంగ నది వైపు పోయే ఒక పల్లె బీటీ (తారు) రోడ్డు. పత్తి రైతుకూ, పదవీ విరమణ చేసిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌కూ మధ్య జరిగిన మాటలు.)

రైతు: మే నెలలో గాలే 45 డిగ్రీలకు చేరే చోట తారు ఉపరితలం 60 దాటుతుంది. మెత్తబడిన తారుపై చక్రాల చాళ్లు పడతాయి, జూన్‌లో ఆ చాళ్లలోనే నీళ్లు నిలుస్తాయి. ఇందులో మనిషి తప్పేముంది, ఇన్‌స్పెక్టర్ గారూ?

ఇన్‌స్పెక్టర్: ఎండ తారును ముసలిదాన్ని చేస్తుందన్నది నిజమే, పటేల్. ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ తారు గట్టిపడి, పెళుసై, సన్నని పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్లను వానలకు ముందే పూడ్చితే రోడ్డు ఇంకా కొన్నేళ్లు నిలుస్తుంది. పూడ్చకపోతే నీరు కంకరలోకి దిగుతుంది. దానిపై పత్తి లారీ వెళ్లిన ప్రతిసారీ చక్రం ఆ నీటిని ఒత్తుతుంది. ఒత్తిడికి తారు పొర రాతిని వదిలేస్తుంది, సన్నని మన్ను బయటికి చిమ్ముతుంది, అడుగు గుల్లవుతుంది. చివరికి గుంత పడినప్పుడు మనం వానను తిడతాం. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లవుతుందన్న లెక్కను మాత్రం ఎవరూ ఎత్తరు.

రైతు: లారీలు వేరే రోడ్ల మీదా తిరుగుతాయి, అవన్నీ ఇలా పాడవలేదు కదా. ఇక్కడ అడుగున ఉన్నది నల్లరేగడి. ఎండాకాలం మా చేనులో చేయి పట్టేంత నెర్రెలు విడుస్తాయి, అదే నేల వానకు ఉబ్బుతుంది. పైన మీరెంత నున్నగా పరిచినా కింద నేల ఊపిరి పీలుస్తూనే ఉంటుంది కదా?

ఇన్‌స్పెక్టర్: ఆ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. రోడ్డు నడుమ కింద తేమ పెద్దగా మారదు, అంచుల్లో మారుతుంది. అందుకే పొడుగు పగుళ్లు అంచు వెంటే వస్తాయి. అయితే ఆ అంచుకు నీళ్లు చేర్చేదెవరు? ట్రాక్టరు దిగడానికి పక్క కాలువను మట్టితో పూడ్చిన మీరు!

రైతు: పూడ్చాం. కింద నీళ్లు పోయేలా పైపు వేసివ్వమని రెండుసార్లు అడిగాక పూడ్చాం.

ఇన్‌స్పెక్టర్: (కాసేపాగి) పైపు వేయాల్సిందే.

రైతు: వేయించండి, మట్టి నేనే తీయిస్తాను. అయినా నా చేను పక్కన రోడ్డు ఉబ్బితే?

ఇన్‌స్పెక్టర్: అప్పుడు ఆ ముక్కను తవ్వి, అడుగు మట్టిలో సున్నం కలిపి మళ్లీ వేయమని అధికారులకు నేనే రాసిస్తాను.