మా డాబా మీదుగా పోయే గీతకి ఒక విన్నపం

మహారాజశ్రీ సరళరేఖా దూరం గారికి,

విజయనగరం నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు రాయునది. ఉభయకుశలోపరి.

విశాఖ విమానాశ్రయం నుంచి మా అమ్మాయి ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమని ఫోన్లో కొడితే తమరు సుమారు 13,300 కిలోమీటర్లన్నారు. గంటకి 900 చొప్పున భాగిస్తే 15 గంటలకి పావుగంట తక్కువ. లెక్కలో తప్పులేదు. గ్లోబు మీద దారం లాగి నేనూ చూశాను. హిమాలయాలు, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ వృత్తంలో ఓసారి తల పెట్టి, అలాస్కా మీదుగా దిగుతారు. అన్నిటికంటే ముందు, విశాఖలో లేచిన కాసేపటికే, దాదాపు మా ఊరి నెత్తి మీదుగానే పోతారు!

మరి నా సంగతో? తమరు ఈశాన్యానికి పోతే నేను మొదట నైరుతికి, కారులో 60 కిలోమీటర్లు విశాఖకి. అక్కణ్ణుంచి వాయవ్యానికి, ఢిల్లీకి. వాస్తు తెలిసినవాడెవడూ ఇలా బయల్దేరడు. ఢిల్లీలో 7 గంటలు కుర్చీలో కునుకు, ఆపైన 16 గంటల ప్రయాణం. ముందున్న తెరమీద బుల్లి విమానం సముద్రం మధ్య మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉంటుంది. దిగేసరికి పాదాలు వాచి బూట్లలో పట్టలేదు, మడమలు బయటపెట్టి ఈడ్చుకుంటూ నడిచాను. గడప నుంచి గడపకి 33 గంటలు.

పైలట్లయినా తమరి మాట వింటారా అంటే అదీ లేదు. టిబెట్ మీద విమానంలో గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. గాలికున్న పరపతి కూడా తమరికి లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మాని పసిఫిక్ మీదుగా తిప్పింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం దాదాపు 2 గంటలు తగ్గింది. ఎదురుగాలి కాస్తా తోడుగాలి అయింది మరి. నలభై ఏళ్ళు కాలం, దూరం, వేగం చెప్పినవాణ్ణి, ఇది చదివి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అయినా నా గొడవ అది కాదు. తమరి 15 గంటలు మా వీధంతా పాకింది. "పదిహేను గంటలే కదా మాస్టారూ, ఏడాదికోసారి వెళ్ళి రావచ్చుగా" అంటారు. మా అమ్మాయీ అంతే. "పదిహేను గంటలే కదా నాన్నా, మీరే వచ్చెయ్యండి." అదే పదిహేను గంటలు అటు నుంచి ఇటు మాత్రం ఎప్పుడూ పడవు. సెలవులుండవు, టిక్కెట్టు రేటు తగ్గదు, పిల్లలకి బడి. రేపు భోగాపురం కొత్త విమానాశ్రయంలో ఎక్కినా తమరి లెక్కలో ఓ 40 కిలోమీటర్లు తగ్గుతాయి. అమ్మాయి లెక్కలో ఏమీ తగ్గదు.

చివరగా ఒక్క మాట. పెట్టెకి 23 కిలోలే పరిమితి. ఇంట్లో తూకం 23 చూపించింది, విశాఖ కౌంటర్లో 24న్నర పలికింది. వెనక క్యూలో జనం గుర్రుగా చూస్తుంటే, మూడు కవర్లు చుట్టి టేపేసిన ఆవకాయ డబ్బా తీసి, దిగబెట్టడానికొచ్చిన మా బావమరిది చేతికిచ్చాను. "ఆవకాయేది నాన్నా" అన్నది అమ్మాయి మొదటి ప్రశ్న.

ఆ డబ్బా ఇంకా ఇక్కడే ఉంది, టేపు కూడా విప్పలేదు. తమరు రోజూ మా డాబా మీదుగానే కదా వెళ్ళేది. ఓ నిమిషం ఆగితే నిచ్చెనెక్కి అందిస్తాను.

ఇట్లు,
కోట దగ్గర, నైరుతి దిక్కుకి బయల్దేరే ఒక తండ్రి